వలయంలో ఆరోవాడు

మాండలే
తబోడ్వే పౌర్ణమి

ఓన్ పే గారికి,

ఇరవై రెండేళ్ళ కింద వాసో నెల పగోడా ఉత్సవంలో నువ్వు నా పరువు తీశావు. నేను మరిచిపోయానని అనుకుంటున్నావేమో. మరిచిపోలేదు. గారు అని రాసినందుకు పొంగిపోకు. అన్నేళ్ళు పలకరింపు లేని మనిషిని ఏమని పిలవాలో తెలియక రాశాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా రాస్తాను. మనం ఆరుగురం. అయిదుగురు చుట్టూ నడుస్తున్నారు, మధ్యలో నేను. పేము బంతి మన కాళ్ళ మీదే యాభై ఏడు దెబ్బల దాకా నేల తాకలేదు. మేళం వాళ్ళు డోళ్ళు పగిలేలా వాయిస్తున్నారు. నేను వెనక అరికాలితో కొట్టబోతున్నానని పగోడా మెట్ల మీది ముసలమ్మలకు కూడా తెలుసు. కొట్టాను. బంతి నా వీపు మీదుగా లేచి నీ దగ్గరికి వచ్చింది. నువ్వేం చేశావు? కూర్చున్నావు. నేల మీద, కాళ్ళు చాపుకుని, బజారులో ఉల్లిపాయలమ్మే ఆమెలాగ. బంతి నీ పక్కన పడింది. మేళం ఆగింది. జనం నవ్వారు. నిన్ను చూసి కాదు, నన్ను చూసి. మరుసటి వారమే నువ్వు పెళ్ళాం ఊరు మౌల్మేన్ వెళ్ళిపోయావు. ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, రెండు నెలల కింద నాకు గుండె నొప్పి వచ్చింది. కొట్టులో బంగారు రేకులు కొడుతున్నాను. ఎత్తిన సమ్మెట దించలేకపోయాను. పదకొండు రోజులు ఆస్పత్రి. బతికాను. ఇక జన్మలో సమ్మెట పట్టొద్దన్నారు. అక్కడ వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఉంది, నన్ మో అని, నా మనవరాలి ఈడు. "తాతా, లోపల కోపం ఏమైనా ఉంటే దించెయ్యి. గుండెకి మంచిది కాదు" అన్నది. ఉంది, ఇరవై రెండేళ్ళది ఉంది అన్నాను. "అయితే ఆయనకి ఫోన్ చెయ్యి" అన్నది. ఫోనులో నేను అరుస్తాను. అరవొద్దని కూడా ఆమే చెప్పింది. అందుకని ఉత్తరం.

మఠం బడిలో రెండు వర్షాకాలాలు చదివినవాడిని. తప్పులుంటే నువ్వే దిద్దుకో, గుమాస్తావి కదా. నా కూతురు ఖిన్ ఠే రాసిపెడతానంది. నా కోపం నేనే రాసుకుంటానన్నాను.

ఎందుకు కూర్చున్నావు?

టిన్ న్వే

మౌల్మేన్
తబోడ్వే బహుళ దశమి

టిన్ న్వే,

నీ ఉత్తరం మా ఆవిడ స్వే ఓ చదివి వినిపించింది. నా కళ్ళు బాగానే ఉన్నాయి. కవరు చింపడం కూడా నాకు శ్రమేనని ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది. నా బతుకు ఇప్పుడు అలా ఉంది.

ఉల్లిపాయలామె దగ్గర నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీ మీది మచ్చ లాగింది. అవును, మచ్చే. పోయిన వానాకాలంలో రంగూన్ ఆస్పత్రిలో నా ఛాతీ కోసి, గుండెకు కొత్త దారులు వేశారు. పాత దారులు మూసుకుపోవడం మాత్రం నిన్నా మొన్నా మొదలైంది కాదు.

ఆ రోజు యాభయ్యో దెబ్బ నుంచే నా ఎడమ భుజం బరువెక్కింది. ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. నువ్వు కొట్టడం చూశాను. బంతి రావడమూ చూశాను. ఎంత అందంగా వచ్చిందో! ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. కాలు ఎత్తితే పడిపోతానని తెలిసింది. పడిపోవడం ఇష్టంలేక కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదంటావా? గుండె జబ్బు వాడికి ఎవడైనా బంతి గట్టిగా ఇస్తాడా? పసివాడికి గోరుముద్దలు పెట్టినట్టు ఇస్తారు. దానికన్నా నీ తిట్లు పడటమే తేలిక అనిపించింది. అందుకే ఊరు మారాను.

నువ్వేమో కోపం దించుకోవడానికి రాశావు. నా దగ్గర దించుకోవడానికి కోపం లేదు, భయం ఉంది. ఆపరేషను చేసిన వాళ్ళు రోజూ నడవమని కాగితం రాసిచ్చారు. అది అల్మరాలో ఉంది. నేను నదికి ఎదురుగా టేకు కుర్చీలో ఉన్నాను. ఎనిమిది నెలలైంది. లేచి నాలుగడుగులు వేస్తే గుండె కొట్టుకుంటుంది. అది కొట్టుకోగానే ఆ రోజు గుర్తొచ్చి కూర్చుండిపోతాను.

ఓన్ పే

మాండలే
తబౌంగ్ శుద్ధ పంచమి

ఒరే ఓన్ పే,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాను. తర్వాత నన్ను తిట్టుకున్నాను. అది నాకు అలవాటు లేదు, అందుకని మళ్ళీ నిన్నే తిట్టాను. ఇరవై రెండేళ్ళు పెంచుకున్న కోపాన్ని ఒక్క పేజీలో పాడుచేశావు కదరా. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోను? నీ టేకు కుర్చీ మీద పెడతాను. ఈ రోజు నుంచి నా పగ దాంతోనే. నిన్ను అందులోంచి లేపకపోతే నా పేరు టిన్ న్వే కాదు.

విను. మొదటి రోజు డాక్టరమ్మ నన్ను ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడవమంది. చూసేవాళ్ళున్నారు కదా, నేను పరుగందుకున్నాను. ఆమె వెనక నుంచి నా లుంగీ పట్టుకుని ఆపింది.

"తాతా, నీతో ఎవరైనా పోటీకి వచ్చారా?"

"మా ఆటలో పోటీయే లేదమ్మా. ఆరుగురం కలిసి ఒక బంతి కింద పడకుండా చూసుకుంటాం. గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు."

"మరి నడక కూడా అలాగే నడువు."

వేగం తగ్గించాను. నా నోరు మూయించిన మొదటి ఆడది మా అమ్మ, రెండోది ఈ పిల్ల.

తెల్లవారాక, ఎండెక్కక ముందు నడవాలి. తిన్న వెంటనే కాదు. మొదట్లో మెల్లగా, మధ్యలో కాస్త చురుగ్గా, చివర మళ్ళీ మెల్లగా. ఠక్కున ఆగిపోకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. గడియారం నేను కట్టను. మా కొట్టులో సమ్మెట పనికి కొలత కొబ్బరి చిప్పే కదా. అడుగున చిల్లి పెట్టి నీళ్ళ తొట్టిలో వదిలితే మూడు నిమిషాలకు మునుగుతుంది. ఆ చిప్పను ఇంటికి తెచ్చుకున్నాను. పెరటి చుట్టూ తిరుగుతాను, మునిగినప్పుడల్లా పోతూ పోతూ తీసి మళ్ళీ వదులుతాను. మొదట రెండు చిప్పలు. ఇప్పుడు అయిదు చిప్పలురా, అయిదు!

ఇంకో సంగతి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం చాలునంది. ఒక్కడినే ఎవరితో మాట్లాడను? నిన్ను తిడుతూ నడుస్తున్నాను. పెద్దగా కాదు, మామూలు గొంతుతో. తిట్టు మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గిస్తాను. పక్కింటామె ఖిన్ ఠేని అడిగిందట, "మీ నాన్నకి దెబ్బ తగిలింది గుండెకేనా, తలక్కూడానా?" అని.

ఆ కాగితం అల్మరాలోంచి తియ్యి. పాత కాగితం కదా, ముందు అక్కడి డాక్టరుకి చూపించు. ఆయన చెప్పినంతే నడువు. నా లెక్క నాది, నీ లెక్క నీది. కానీ లేవడం మాత్రం రేపే.

టిన్ న్వే

మౌల్మేన్
తబౌంగ్ బహుళ తదియ

టిన్ న్వే,

కాగితం తీశాను. ఇక్కడి డాక్టరుకి చూపించాను. ఆయన ఒంటికి తీగలు అంటించి, నడిపించి చూసి, "గుండె మీరనుకున్నంత చెడ్డగా లేదు. కాళ్ళే తుప్పు పట్టాయి" అన్నాడు. పూటకి అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి పడితే వారానికి కాస్త పెంచమన్నాడు.

నది ఒడ్డున నడుస్తున్నాను. ముందు నేను, నాలుగడుగుల వెనక స్వే ఓ, ఆమె చేతిలో స్టూలు. గుండె కాస్త దడదడలాడితే చాలు, చెయ్యెత్తుతాను. స్టూలు నా కిందికి వచ్చేస్తుంది. మొదటి రోజు అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు కూర్చున్నాను. చేపలమ్మేవాళ్ళు బుట్టలు వదిలేసి చూశారు. ఒకామె అడిగింది, "ఏం పెదనాన్నా, ఏ ఊరి రాజువి?"

"రాజు సంగతి నాకు తెలీదమ్మా, సింహాసనం మోసేదాన్ని నేను" అన్నది స్వే ఓ.

నవ్వుకో. నేనూ నవ్వాను. కానీ ఒక్క మాట నిజం చెప్పు. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తే నువ్వేం చేస్తావు?

ఓన్ పే

మాండలే
తగూ శుద్ధ విదియ

ఒరే స్టూలు రాజా,

చప్పుడు వినిపిస్తే హమ్మయ్య, ఉందిలే అనుకుంటాను. మొదట్లో నాకూ భయమే. డాక్టరమ్మ ఏమన్నదంటే, నడిస్తే గుండె కొట్టుకోవాలి, అది దాని పని. ఛాతీలో బరువు, బిగుతు, భుజానికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, చల్లటి చెమట, మాట రానంత ఆయాసం, గుండె దరువు తప్పి గెంతడం, ఇవి వేరు. ఇవి వస్తే వెంటనే ఆగు, కూర్చో, డాక్టరిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకో. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి పరుగు. పరుగు అంటే నువ్వు కాదు, బండి. ఉత్త చప్పుడుకి స్టూలెందుకురా?

ఇప్పుడు అసలు వార్త! నిన్న డాక్టరమ్మ బంతి తెమ్మంది! ఎనిమిది చిప్పలు నడుస్తున్నాను, పరీక్షలో బాగా వచ్చిందట. "మోకాలు దాటి లేవకూడదు, గెంతకూడదు" అన్నది. వరండాలో ఆమె విసిరింది, నేను పాదంతో అందుకున్నాను. టక్. పేము చప్పుడు విని నాలుగు నెలలైంది. ఖిన్ ఠే ఏడ్చింది. నా మొహం మీద ఉన్నది చెమట.

ఊరుకుంటానా? డాక్టరమ్మని వెంటబెట్టుకుని అక్కడి నుంచి నేరుగా ఉత్సవ కమిటీ దగ్గరికి పోయాను. వాసోలో ముసలివాళ్ళ వలయం ఒకటి పెట్టాలన్నాను, గుండె జబ్బు వచ్చి లేచిన వాళ్ళది. కమిటీ పెద్ద తల గోక్కున్నాడు. "మధ్యలో ఎవరికైనా ఏమైనా అయితే?"

"పగోడా ముందు పోతే పుణ్యమేగా" అన్నాను.

డాక్టరమ్మ నా కాలు తొక్కింది. ఆమే కూర్చుని షరతులు రాసింది. ఒక్కొక్కరికీ వాళ్ళ డాక్టరు సంతకం ఉండాలి. ముందు రెండు చుట్లు ఉత్త నడక. ఆట నాలుగు చిప్పలే, తర్వాత మళ్ళీ నడక. పొద్దున్నే, ఎండ రాకముందు. ఆమె పక్కనే ఉంటుంది. కమిటీ ఒప్పుకుంది! వాసోకి ముందు నెల, నయోన్ పౌర్ణమి లోగా ఆరు పేర్లు ఇమ్మన్నారు. ఆస్పత్రి వరండాలో నాతో నడిచే నలుగురు ఎగిరి ఒప్పుకున్నారు. నేను అయిదోవాడిని. ఆరోది నీ చోటు. ఇంకెవరినీ అడగలేదు, అడగను.

టిన్ న్వే

మౌల్మేన్
తగూ బహుళ పాడ్యమి

ఒరే టిన్ న్వే,

ఇది స్వే ఓ చదవలేదు. నేనే రాసి, నేనే అంటించి, టపా పెట్టె దాకా నేనే నడిచి వేస్తున్నాను.

నీళ్ళ పండుగ నాలుగోనాడు ఒడ్డున నడుస్తున్నాను. పిల్లలు పడవల మీంచి నీళ్ళు చల్లుతున్నారు. నువ్వు నేర్పినట్టే మాట్లాడుతూ నడుస్తున్నాను, వెనక ఉన్న స్వే ఓతో. ఇంటి కప్పు సంగతి, చింతకాయ పచ్చడి సంగతి. ఆమె ఊ కొట్టడం లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. రేవు దాకా పోయి వెనక్కి తిరిగాను. ఆమె లేదు! స్టూలు లేదు! ఎక్కడో వెనక, చుట్టాలావిడతో స్టూలు మీద కూర్చుని కబుర్లాడుతోంది. చీమంత కనిపిస్తోంది.

గుండె కొట్టుకుంది. వినిపించింది. కూర్చుందామంటే ఏమీ లేదు. నిలబడి నువ్వు రాసినవన్నీ వెతికాను. బరువు లేదు, బిగుతు లేదు, నొప్పి లేదు. ఉత్త చప్పుడే! నడిచి వెనక్కి వచ్చాను. పద్నాలుగు నిమిషాలు! ఒక్కసారి కూడా కూర్చోలేదు. స్వే ఓ స్టూలు మీంచి లేచి నన్ను చూసి, "ఎక్కడికి పోయావు?" అని అరిచి, నా తల మీద చెంబెడు నీళ్ళు పోసింది.

డాక్టరుని ఉత్సవం గురించి అడిగాను. వచ్చే నెల పరీక్ష చేసి చెబుతానన్నాడు. వస్తానని రాయడం లేదు. రానని కూడా రాయడం లేదు.

నీ ఓన్ పే

మాండలే
తగూ బహుళ ద్వాదశి

ఓన్ పే,

ఇది రాయకూడదనుకున్నాను. కానీ దాచిపెట్టడం నీ అలవాటు, నాది కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పొద్దుటిదాకా ఆగలేక సాయంత్రమే నడకకు దిగాను. పండుగకి ఖిన్ ఠే నీళ్ళ తొట్టిలో పడౌక్ పూల కొమ్మలు వేసింది. ఏడు చిప్పలు నడిచాను. ఎనిమిదోది వదిలాను. అది మునగదు. చుట్టు మీద చుట్టు తిరుగుతున్నాను, చిప్ప తేలుతూనే ఉంది. నేనేమనుకున్నానో తెలుసా? ఈ రోజు నా జోరు చూశావా, చిప్ప మునిగేలోపు ఎన్ని చుట్లు తిరుగుతున్నానో అని మురిసిపోయాను. ఇంకా వేగం పెంచాను. నిన్ను తిట్టడం ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

ఛాతీ బిగిసింది. అరుగు మీద కూర్చున్నాను. మాత్రల సీసా నా దగ్గర లేదు. లోపల బుద్ధుడి పీఠం మీద పెట్టాను, భద్రంగా ఉంటుందని. ఖిన్ ఠే పరుగెత్తి తెచ్చింది. మాత్ర పెట్టుకున్నాక తగ్గింది. అయినా ఆస్పత్రికి తీసుకెళ్ళారు, రెండు రోజులు ఉంచారు. కొత్తగా చెడిందేమీ లేదన్నారు.

తొట్టి చూస్తే చిప్ప చిల్లిలో పసుపుపచ్చ పూరేకు అడ్డం పడి ఉంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "తాతా, చిప్పని నమ్మావు, ఛాతీని నమ్మలేదు" అన్నది, అంతే. మళ్ళీ మూడు చిప్పల దగ్గర మొదలుపెట్టించింది. సీసా ఇప్పుడు ఎక్కడికి పోయినా నాతోనే, ఎండ తగలకుండా సంచిలో. నువ్వూ నీది ఎక్కడుందో చూసుకో.

టిన్ న్వే

మౌల్మేన్
కసోన్ శుద్ధ సప్తమి

టిన్ న్వే,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూర్చున్నాను. వారమైంది.

నువ్వు నాకన్నా గట్టివాడివి. నలభై ఏళ్ళు సమ్మెట ఎత్తినవాడివి. నీకే అలా అయితే నేనెంత? మొన్న పరీక్షకి పోయాను, స్వే ఓ బలవంతం మీద. డాక్టరు సంతకం పెట్టాడు. మెల్లగా అయితే వలయంలో నడవచ్చు, తక్కువ ఎత్తులో బంతి అందుకోవచ్చు అని రాశాడు. ఆ కాగితాన్ని అల్మరాలో పాత కాగితం పక్కన పెట్టాను.

ఉత్సవానికి వస్తాను. అయితే మెట్ల మీద కుర్చీ వేసుకుని చూస్తాను. ఆరో మనిషిని వేరే చూసుకో. కోపం తెచ్చుకోకు, నీ గుండెకి మంచిది కాదు.

ఓన్ పే

మాండలే
కసోన్ బహుళ అష్టమి

ఒరే ఓన్ పే,

కోపం రాలేదు. ఆశ్చర్యంగా ఉంది, రాలేదు. నీ ఉత్తరం డాక్టరమ్మకి చదివి వినిపించాను. "ఆయన డాక్టరు సరేనన్నాడు కదా, మరి వద్దంటున్నది ఎవరు?" అని అడిగింది. ఆ జవాబు నాది కాదు. నువ్వు చెప్పు.

మీ డాక్టరు వద్దని ఉంటే నేనే నీ కాళ్ళు కట్టేసేవాడిని. అది వేరు. ఆయన నడవమన్నాడు. నాకు నొప్పి వచ్చింది నడిచినందుకు కాదురా, చెప్పినదానికన్నా ఎక్కువ నడిచినందుకు. బుర్ర లేని పని నేను చేస్తే శిక్ష నువ్వు వేసుకుంటావా?

ఇప్పుడు విను. నేను మళ్ళీ ఏడు చిప్పలకు వచ్చాను, ఆమె చెప్పినట్టే, ఒక్క అడుగు ఎక్కువ లేకుండా. నిన్న సంతకం పెట్టింది! పొద్దున్నే పగోడా ముందు అయిదుగురం నడిచి చూశాం. మేళం వాళ్ళలో ఒకడు తనంతట తనే డోలు తెచ్చుకుని మెల్లగా దరువు వేశాడు. చీపురు పట్టిన ముసలమ్మలు ఊడవడం ఆపి చప్పట్లు కొట్టారు. ఒళ్ళు పులకరించిందిరా! మా అయిదుగురి గుండెలూ కలిపితే ఒక మంచి గుండె అవుతుందో లేదో. అయినా బంతి పద్దెనిమిది దెబ్బలు నేల తాకలేదు. నీ చోటు దగ్గరికి వచ్చినప్పుడల్లా మాత్రం పడుతోంది. అక్కడ ఎవరూ లేరు కదా.

మెట్ల మీద కుర్చీ వేస్తావా? వెయ్యలేవు. కమిటీకి చెప్పాను, మౌల్మేన్ నుంచి వచ్చే ముసలాడికి కుర్చీ ఇవ్వొద్దని.

అసలు వలయంలోకి రాకపోతే ఏం చేస్తామో కూడా చెబుతాను. నలుగురితో మాట్లాడాను, డాక్టరమ్మ కూడా ప్రయాణానికి సరేనంది. అయిదుగురం రైలెక్కి మౌల్మేన్ వస్తాం. మీ ఇంట్లో, నది ఎదురుగా, నీ టేకు కుర్చీ చుట్టూ నడుస్తాం. చుట్టూ అయిదుగురు, మధ్యలో ఒకడు. అది వలయమే. మధ్యలో ఉన్నవాడికి బంతి ఇస్తాం. నేనే ఇస్తాను, గట్టిగా ఇస్తాను, గోరుముద్దలా కాదు. అప్పుడు కూర్చుంటావో లేస్తావో స్వే ఓ చూస్తుంది, చేపలమ్మేవాళ్ళు చూస్తారు.

నయోన్ పౌర్ణమి శుక్రవారం పడింది. ఆ పొద్దున్న కమిటీ పేర్లు మూసేస్తుంది. అంటే దాని ముందు రోజు, గురువారం టపాలో నీ జవాబు నా చేతికి రావాలి. సాకులు, సర్దుబాట్లు వద్దు. ఒక్క ముక్క చాలు. వస్తానంటే నీ పేరు రాయిస్తాను. రానంటే అయిదు టిక్కెట్లు కొంటాను. ఏ వలయంలో నిలబడతావో నువ్వే చెప్పు.

గురువారం.

టిన్ న్వే